పోస్టులో వచ్చిన పిట్ట

నవంబరు 16

చెల్లికి,

ఫోన్ చేద్దామనుకున్నాను. నేను మాట కూడదీసుకునేలోపు నువ్వు పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను.

విషయం క్రిస్మస్ చెట్టు. అమ్మ పోయాక ఇది మొదటి క్రిస్మస్ కదా, ఈ ఏడు చెట్టు పెడదామా వద్దా అని మీ వదిన అడిగింది. పెడదామన్నాను. పెరట్లో డ్రమ్ములో ఉన్న చెట్టు ఇప్పుడు నా తల దాటింది. నిన్న కింది కొమ్మలు రెండు కోశాను. డ్రమ్ము అడుగు తుప్పు పట్టి మట్టి కారుతుంటే రేకు వేసి బిగించాను. ఇరవయ్యో తేదీన లోపలికి తెస్తాం. ఎప్పటిలాగే ముందుగదిలో, కిటికీ పక్కన.

ఇంటి రూలు నీకు గుర్తుండే ఉంటుంది. అయినా రాస్తున్నాను, తర్వాత మాట రాకుండా. చెట్టుకి కొన్న వస్తువు ఒక్కటీ కట్టకూడదు. ఎవరి బొమ్మ వాళ్ళు చేత్తో చెయ్యాలి, తమ పనిలో మిగిలిన తుక్కుతో. నేను పాడైన తాళాల ఇత్తడితో, అమ్మ బైండింగ్ షాపులో కోసి పారేసిన కాగితంతో, నువ్వు గుడ్డ ముక్కలతో. మనిషికి ఏడాదికి ఒకటి. డిసెంబరు ఇరవై లోపల కొత్తది చెయ్యనివాళ్ళ పాతవి కూడా ఆ ఏడు చెట్టెక్కవు, పెట్టెలోనే ఉంటాయి. నాన్న పోయిన ఏడు ఈ రూలు నా రోజువారీ పుస్తకం మొదటి పేజీలో రాశాను. అప్పుడు నాకు పదహారు, నీకు ఎనిమిది. నీ బద్ధకం వదిలించడానికే రాశాను.

నువ్వు వెళ్ళిపోయిన ఈ ఏడేళ్ళలో ఒక్క ఏడు కూడా తప్పకుండా పంపావు. అది నేను కాదనను. అయితే అన్నీ అమ్మ పేరుకే పంపావు. ఇప్పుడు అమ్మ లేదు కాబట్టి పంపుతావో లేదో నాకు తెలియదు. పంపేటట్టయితే అడ్రసు అదే. పంపకపోతే నీవి ఈసారి కట్టను. ముందు చెప్పలేదనవద్దు.

ఏడేళ్ళలో నాకంటూ ఒక్క ముక్క రాయలేదు నువ్వు. అదీ నాకు గుర్తుంది.

అన్నయ్య


నవంబరు 23

రిజిస్టరు అన్నయ్యకి,

నీ నోటీసు అందింది. ఉత్తరమేమో అనుకుని విప్పాను.

ఫ్యాక్టరీలో కటింగ్ టేబుల్ దగ్గర నిలబడే చదివాను. పక్కన కాలర్లు కత్తిరించే ఆవిడ నా మొహం చూసి ఇంట్లో అంతా బాగేనా అని అడిగింది. బాగే అన్నాను. ఆ ఊపులో ఇరవై పొరల గుడ్డ గీత తప్పించి కోశాను. సూపర్‌వైజరు పదిమందిలో నిలబెట్టి నాకు కళ్ళున్నాయా లేవా అని అడిగాడు. ఇది కూడా నీ పుస్తకంలో ఎక్కించుకో. తేదీ పైనే ఉంది.

"ఒక్క ఏడు కూడా తప్పకుండా పంపావు" అని రాశావు. వెటకారం ఎప్పుడు నేర్చుకున్నావు అన్నయ్యా? నీకు రాదనుకునేదాన్ని. అవును, పంపాను. పట్టుగుడ్డలో చుట్టి పంపాను. నేను పంపినవి చూసి మీరంతా ఎంత మురిసిపోయి ఉంటారో నాకు తెలుసు.

వెళ్ళిన మొదటి డిసెంబరులో అమ్మ బైండింగ్ షాపు నుంచి ఫోన్ చేస్తే, చెట్టుకి నావి కట్టారా అని అడిగాను. కట్టాం అంది. నన్ను ఏడిపించకుండా ఉండటానికి అందని నాకు తెలియదా? అమ్మ మనసూ తెలుసు, నీ రూలూ తెలుసు. ఆ బొమ్మలు ఏడేళ్ళుగా అటక మీద ఎలకలకి పరుపులయ్యాయని చూడకుండానే చెప్పగలను.

అడ్రసు అదేనని కూడా రాశావు. జూలైలో ఆ అడ్రసుకే వచ్చాను. అమ్మని తీసుకువెళ్ళేదాకా గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాను. లోపలికి రా అని ఒక్కళ్ళు అనలేదు. మా అన్నయ్య మాత్రం కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నాడు.

నేను చేసినవి నాకు పంపెయ్. ఒక్కటీ మిగల్చకుండా. ఇక్కడ నా గదిలో చెట్టు లేదు, పెట్టుకునే చోటూ లేదు. అయినా సరే. మేకుకి వేలాడదీసుకుంటాను. నీ రూలు కింద మాత్రం ఉండనివ్వను.

చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరుతోనే సంతకం పెడుతున్నాను.

పుర్రచెయ్యి


నవంబరు 30

చెల్లికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పంపానని నువ్వే ఒప్పుకుంటావు. మళ్ళీ అటక అంటావు, ఎలకలు అంటావు. నీ బొమ్మలు ఏడేళ్ళూ చెట్టు మీదే ఉన్నాయి. అమ్మే కట్టేది, పై కొమ్మలకి, స్టూలు వేసుకుని. నేను స్టూలు పట్టుకునేవాణ్ణి. మన ఇంట్లో ఎలకలు లేవు. నాకు వెటకారం రాదని నువ్వే రాశావు, అది సరిగ్గా రాశావు.

కుర్చీలు లెక్కపెట్టిన మాట నిజం. అద్దె కుర్చీలు. ఆ రోజు చేతులు ఊరికే ఉంచుకోలేకపోయాను. నీ కోసం ఒకటి ఎక్కువ తెప్పించాను. అది ఖాళీగా ఉండిపోయింది. సొంత ఇంటికి ఎవరైనా పిలిస్తే వస్తారా?

పాత మాటలు నువ్వే ఎత్తావు కాబట్టి షాపు బోర్డు సంగతి కూడా రాస్తాను. నీకు పంతొమ్మిది నిండాయని, కుట్టుపని వచ్చని, షాపులో సగం ఖాళీ చేయించాను. నీ మిషను కోసం కిటికీ వైపు వదిలి, నా తాళాల బల్ల చీకటి మూలకి జరుపుకున్నాను. 'తాళాలు బాగుచేయబడును, బట్టలు కుట్టబడును' అని బోర్డు రాయించాను. రంగు ఆరి వారం కాలేదు, నువ్వు ఫ్యాక్టరీ పనికి రైలెక్కావు. ఒక్క మాట చెప్పలేదు. ఈ ఏడేళ్ళలో ఎంతమంది పాంట్లు పట్టుకుని వచ్చారో నీకు తెలియదు. ఇక్కడ కుట్టేవాళ్ళు లేరండీ అంటాను. బోర్డు వంక చూస్తారు, నా వంక చూస్తారు. ఒకాయన జిప్పు కూడా ఒక రకం తాళమే కదా, చూడరాదా అన్నాడు. బోర్డు మార్పించవచ్చు కదా అని అందరూ అంటారు. పెయింటరు దొరకలేదు.

నువ్వు అడిగినవి పార్సిల్ చేశాను. తాళాలు వచ్చే అట్టపెట్టెలో, మధ్య మధ్య దూది పెట్టి. మొత్తం పద్దెనిమిది. ఇక్కడ ఉండగా చేసినవి పదకొండు: నాలిక లేని గుడ్డ గంటతో మొదలుపెట్టి, చెవి ఊడిన కుందేలు దాకా. అక్కడి నుంచి పంపినవి ఏడు: బూడిదరంగు పిట్ట, చేప, చంద్రుడు, కాలరున్న చిన్న చొక్కా, పడవ, చేతి తొడుగు, తలుపు తెరుచుకునే ఇల్లు. ఫ్యాక్టరీ నీ చెయ్యి బాగా తిప్పింది, అది ఒప్పుకోవాలి. ఆ ఇంటి తలుపుకి నువ్వు పెట్టిన దారపు గొళ్ళెం నేను కూడా అంత చక్కగా పెట్టలేను.

అందగానే లెక్క సరిచూసుకుని రాయి.

అన్నయ్య


డిసెంబరు 5

అన్నయ్యకి,

లెక్క సరిచూశాను. నువ్వు పద్దెనిమిది పంపావు. నావి పదకొండు. మిగతా ఏడూ ఎవరివి?

నేను నీకు ఏమీ పంపలేదు. అమ్మకీ పంపలేదు. ఏడేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి. "పట్టుగుడ్డలో చుట్టి పంపాను" అన్నది నీ వెటకారానికి జవాబు. దాన్ని కూడా నిజమని ఎక్కించుకున్నావా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా కత్తెర పట్టుకుని నిలబడ్డాక గుడ్డ ముక్క చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. ఇంక పిట్టలూ చేపలూ కుట్టుకుంటూ కూర్చుంటానా? అదీ నన్ను వద్దనుకున్న ఇంటికి?

పార్సిల్ విప్పి ముందు గంట చూశాను, కుందేలు చూశాను. వాటికి దుమ్ము లేదు. ఎవరో ఏడాదికోసారి తుడిచినట్టే ఉన్నాయి. చెట్టు మీదే ఉన్నాయని నువ్వు రాసింది ఆ క్షణం నమ్మాను. రెండు నిమిషాలు నమ్మాను. తర్వాత ఈ పిట్ట చేతికి వచ్చింది.

ఎవరు కుట్టారు ఇవి? వదినా? అయితే వదిన పేరునే కట్టుకోవాల్సింది. ఎవరి చేతనో కుట్టించి, నా పేరు తగిలించి, అమ్మ ముందు ఇంటి మర్యాద కాపాడావా? లేకపోతే కూతురు మర్చిపోలేదని అమ్మకి చూపించి, పెద్దకొడుకువి అనిపించుకున్నావా? నా చోటు ఖాళీగా ఉంచితే నేనేమీ అనుకునేదాన్ని కాదు. వెళ్ళిపోయినదాన్ని, ఖాళీగానే ఉండాలి. ఇంకొకళ్ళని తెచ్చి నా కొమ్మ మీద కూర్చోబెట్టడానికి నువ్వెవరు?

ఆ ఏడూ వేరే సంచిలో కట్టి ఉంచాను. ఎవరివో వాళ్ళకి తిరిగి ఇచ్చుకో.

ఇక్కడితో సరి.

నీ చెల్లెలు, బొమ్మలు చెయ్యనిది


డిసెంబరు 9

చెల్లికి,

నువ్వు ఎంత మాటైనా అంటావని తెలుసు. అమ్మ పోయి అయిదు నెలలు కాలేదు, ఆవిడ చేతికి నువ్వు పంపినవి నావి కావంటావని మాత్రం అనుకోలేదు. ఇంటితో నీకు ఏ సంబంధమూ లేదని చూపించుకోవాలని ఇంత పట్టుదలా?

నేను ఎవరి చేతా కుట్టించలేదు. మీ వదినకి బొత్తాం కుట్టడమే విసుగు. నా చొక్కాకి రెండు బొత్తాలు ఇప్పటికీ లేవు.

పుస్తకాలు తీశాను. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

నువ్వు వెళ్ళిన ఏడు. "డిసెంబరు 12. వాన. సైకిల్ తాళాలు రెండు, బీరువా తాళం ఒకటి. చెల్లి దగ్గర్నుంచి పోస్టులో పిట్ట వచ్చిందని అమ్మ చెప్పింది. కుట్టు బాగా వంకర. చెల్లికి ఒంట్లో బాగోలేదేమో. నాకు ఉత్తరం లేదు." మర్నాడు. "డిసెంబరు 13. షాపు తెరవలేదు. స్టేషనుకి వెళ్ళి రైలు టైము కనుక్కున్నాను. తిరిగి వచ్చాను."

రెండో ఏడు. "డిసెంబరు 15. ఎండ. స్కూలు గేటు తాళం. చెల్లి దగ్గర్నుంచి చేప. కుట్టు కొంచెం నయం. చెల్లి కోలుకున్నట్టుంది. నాకు ఉత్తరం లేదు."

పోయిన ఏడు. "డిసెంబరు 18. పని లేదు. అమ్మకి దగ్గు. చెల్లి దగ్గర్నుంచి ఇల్లు, తలుపు తెరుచుకుంటుంది. నాకు ఉత్తరం లేదు."

ఏడేళ్ళూ ఇలాగే ఉంది. చివరి మాట ఏడేళ్ళూ అదే. నేను అబద్ధం రాసుకోను. నా పుస్తకం ఇంకొకళ్ళు చదవరు, ఎవరి కోసం రాసుకుంటాను అబద్ధం?

ఇంకా అనుమానం ఉంటే కుట్టు చూడు. ఏడింటికీ కుట్టు ఎడమవైపే వాలి ఉంది. మన ఇంట్లో ఎడమచేత్తో కుట్టేది నువ్వొక్కదానివే. కుడిచేతి వాళ్ళ కుట్టు కుడివైపు వాలుతుందని నాకు నువ్వే చూపించావు, నీ పదేళ్ళప్పుడు, నా చేతి రుమాలు మీద.

ఈ ఉత్తరం రాస్తుంటే మీ వదిన వెనక నిలబడి, కవర్లు ఎప్పుడైనా చూశారా అని అడిగింది. ఏ కవర్లు అన్నాను. పోస్టులో వచ్చాయంటున్నారు కదా, ఆ కవర్లు అంది. చూడలేదు. అమ్మ విప్పి నా చేతికి ఇచ్చేది. కవరు నేనెందుకు చూస్తాను?

కుట్టు చూసి జవాబు రాయి. రాయకపోతే నీకు జవాబు లేదని అనుకుంటాను.

అన్నయ్య


డిసెంబరు 13

అన్నయ్యా,

కుట్టు చూశాను. చూస్తే తేలలేదు. పిట్టని విప్పాను.

ముందు గుడ్డ చెప్తాను. ఇది చొక్కా గుడ్డ కాదు, పాంటు గుడ్డ కాదు. మా ఫ్యాక్టరీలోకి ఇలాంటి గుడ్డ రానే రాదు. పుస్తకాల అట్టకి అతికిస్తారు చూడు, గంజి పెట్టిన ముతక గుడ్డ, అది. గంజి పోయేదాకా ఉతికి ఉతికి మెత్తన చేశారు. వేలికి తగిలితే తెలియదు. మడత లోపలి వైపు తడి తగలని చోట ఇంకా కొంచెం గంజి ఉంది.

లోపల దూది లేదు. కాగితం పీలికలు. పుస్తకం అంచు కోస్తే రాలతాయే, సన్నగా, దారాల్లాగా, అవి.

కుట్టు ఎడమవైపు వాలిన మాట నిజం. కానీ నేను ఒక్కో కుట్టూ సమానంగా లాగుతాను, అది నాకు తెలియకుండానే జరిగిపోతుంది. ఇందులో ఒకటి బిగుతు, ఒకటి వదులు. సూది ఒకేచోట రెండుసార్లు, మూడుసార్లు దిగింది. అలవాటు లేని చేత్తో కుట్టిన కుట్టు. చివర ముడి చూస్తే ఇంక అనుమానం లేదు. దారం కింది కుట్టు వెనక నుంచి తిప్పి, కన్నంలోంచి లాగి బిగించే ముడి. బట్టలు కుట్టేవాళ్ళు ఎవరూ వెయ్యరు అది. పుస్తకం కాగితాలు కుట్టేవాళ్ళు వేస్తారు.

అమ్మ అన్నయ్యా. కుడిచేతి మనిషి. నా కుట్టులా కనపడాలని ఎడమచేత్తో కుట్టింది.

మొదటిది వంకరగా ఉందని, నాకు ఒంట్లో బాగోలేదని నువ్వు స్టేషను దాకా వెళ్ళి వచ్చావు. నేను ఆరోగ్యంగానే ఉన్నాను. ఆవిడకి ఎడమచెయ్యి తిరగలేదు, అంతే. ఏడేళ్ళలో తిప్పుకుంది. తలుపుకి గొళ్ళెం పెట్టేదాకా తిప్పుకుంది. అరవై ఏళ్ళ మనిషి.

నాకు ఎంత కోపంగా ఉందో చెప్పలేను. ఎందుకు చేసిందో నీకు అర్థమైందా? కొత్తది లేకపోతే పాతవి కట్టకూడదని రాశావు కదా, మొదటి పేజీలో, ఎవరో కోర్టులో అడుగుతారన్నట్టు. నా పదకొండూ పెట్టెలో పడకుండా ఉండాలంటే ఏడాదికి ఒకటి కావాలి. నేను పంపను. నువ్వు రూలు తియ్యవు. మధ్యలో ఆవిడ కూర్చుని కుట్టింది.

ఏటా నవంబరులో ఫోన్ చేసి, ఏమైనా కుడుతున్నావా అని అడిగేది. రోజంతా అదే పని కదమ్మా, ఇంకేం కుడతాను అనేదాన్ని. సరేలే అని పెట్టేసేది. ఆవిడ అడిగింది నాకు ఇప్పుడు అర్థమైంది. పంపవే అని ఒక్క మాట నోరు తెరిచి చెబితే పంపకపోదునా? నీకైనా చెప్పవచ్చు కదా, ఆ రూలు కొట్టెయ్యరా అని? ఇద్దరికీ చెప్పదు. తనే చేసుకుపోతుంది. ఇప్పుడు వెళ్ళి నాలుగు తిడదామంటే మనిషి లేదు.

ఆ ఇంట్లో నా పేరు తుడిచేశారనుకుని ఏడు క్రిస్మస్‌లు ఈ గదిలో తలుపేసుకుని పడుకున్నాను. ఆ ఏడుసార్లూ నేను అక్కడ పై కొమ్మ మీద ఉన్నాను. నాకే తెలియదు.

ఎవరి మీద కోపం పెట్టుకోవాలో నువ్వే చూసి చెప్పు. లెక్కలు నీకు వచ్చు.

చెల్లి


డిసెంబరు 17

చెల్లికి,

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. ఆవిడ చపాతీ పిండి కలుపుతూనే వింది. ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు. మొదటి ఏడే తెలుసట. అమ్మ వంటింట్లో కిటికీ దగ్గర కూర్చుని ఎడమచేత్తో సూది పట్టుకుని తంటాలు పడుతుంటే చూసిందట. వేళ్ళకి గుచ్చుకుంటే గుడ్డ చుట్టింది కూడా తనేనట. నాకెందుకు చెప్పలేదని అడిగాను. గట్టిగానే అడిగాను.

"అడిగితే చెప్పేదాన్ని. మీరు అడగరు, రాసుకుంటారు" అంది.

షాపుకి వెళ్ళిపోయాను. ఒక బీరువా తాళం చెవి ఆకురాయి పెట్టి రుద్దుతూ రుద్దుతూ పళ్ళన్నీ పోగొట్టాను. మళ్ళీ ఇంకోటి మొదలుపెట్టి అదీ పోగొట్టాను. బీరువా ఆయన వచ్చి, ఈరోజు కాకపోతే రేపు తీసుకుంటాలే అని నా మొహం చూసి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి అమ్మ ఫొటోని గోడ వైపు తిప్పేశాను. మీ వదిన మళ్ళీ ఇటు తిప్పింది. నేను మళ్ళీ అటు తిప్పాను. రెండు రోజులుగా ఇదే జరుగుతోంది. పదహారేళ్ళప్పుడు రాసిన రూలు. అమ్మ ఒక్కసారి వద్దురా అంటే కొట్టేసేవాణ్ణి. నాకు ఎదురు చెప్పడం ఇష్టం లేక నా పుస్తకంలో నా చేతే ఏడేళ్ళు తప్పు రాయించింది. నేను అబద్ధం రాసుకోనని నీకు ఎంత గట్టిగా రాశానో గుర్తుందా.

నీ మీద కోపం ఉంది, అది కూడా రాస్తాను. అమ్మకి పంపుతూ నాకు ముక్క రాయలేదని ఏడేళ్ళు కోపం. అసలు ఎవరికీ పంపనే లేదని తెలిశాక ఆ కోపం ఇంకా పెరగాలి. పెరగడం లేదు. ఎందుకో తెలియదు.

స్టేషనుకి వెళ్ళిన రోజు రైలు ఉంది. టిక్కెట్టు దొరికేది. నేనే వెనక్కి వచ్చాను.

ఇప్పుడు అసలు విషయం. ఇరవై అనుకున్న చెట్టుని ముందే లోపలికి తెచ్చాం. నా ఇత్తడివి పద్దెనిమిది కట్టాను, ఈ ఏటిది పంతొమ్మిదోది. మీ వదిన తనవి కట్టింది. అమ్మ కాగితం నక్షత్రాలు పద్దెనిమిదీ పెట్టెలోనే ఉన్నాయి. ఈ ఏడు అమ్మ కొత్తది చెయ్యలేదు కాబట్టి, రూలు ప్రకారం అవి చెట్టెక్కకూడదు. చనిపోయినవాళ్ళ సంగతి ఆ రూల్లో రాయలేదు నేను. రాసేటప్పుడు తట్టలేదు.

రూలు కొట్టేద్దామని పెన్ను తీశాను. కొట్టలేదు. ఏడేళ్ళు అమ్మ ఆ రూలు తప్పకుండానే నిన్ను చెట్టు మీద ఉంచింది. అమ్మ కోసం నేను తప్పించేస్తే ఆవిడ పడ్డ కష్టం ఏమైనట్టు? అందుకని అమ్మ పేరున ఒకటి చేద్దామని కూర్చున్నాను. అలాంటిది చెయ్యడం మన ఇంట్లో తప్పు కాదని ఆవిడే చూపించింది. బైండింగ్ షాపుకి వెళ్ళి కాగితం పట్టీలు తెచ్చాను. అక్కడివాళ్ళు అమ్మ స్టూలు ఇంకా అలాగే ఉంచారు. ఆ నక్షత్రం మడత నాకు రాదు. నా వేళ్ళు ఆకురాయి పట్టుకున్న వేళ్ళు, కాగితం మూడో మడతకే చిరుగుతోంది. ఎన్ని చించానో లెక్క రాయలేదు.

ఆ మడత నీకు వచ్చు. అమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నావు.

గడువు ఇరవై. నువ్వు వచ్చేదాకా పుస్తకంలో ఇరవయ్యో తేదీ పేజీ తిప్పను. ఏడు బొమ్మలూ, నీ పదకొండూ తీసుకురా. నక్షత్రం ఇక్కడే చెయ్యి. పోస్టులో మాత్రం పంపవద్దు. పోస్టులో వచ్చినవాటిని నేనింక నమ్మను.

ఇంకొకటి. ఇవాళ ఒకాయన పాంటు తెచ్చాడు, పొడుగు తగ్గించాలట. తిప్పి పంపలేదు. ఇరవై నాలుగున రమ్మన్నాను.

అన్నయ్య


డిసెంబరు 20

అన్నయ్యా,

ఇవాళ ఇరవై ఒకటి. పైన ఇరవై అని వేశాను, నీ పుస్తకానికీ నా ఉత్తరానికీ తేడా రాకూడదని.

సెలవు అడిగితే సూపర్‌వైజరు మళ్ళీ కళ్ళ సంగతి ఎత్తాడు. ఇరవై పొరలు పాడుచేసినదానికి సెలవు కూడానా అన్నాడు. కాలర్ల ఆవిడ నా బదులు నిలబడతానంది. రేపు పొద్దున రైలు. ఈ ఉత్తరం కంటే ముందు నేనే వస్తానేమో. అయినా రాస్తున్నాను, ఏడేళ్ళలో ఒక్క ముక్క రాయలేదన్న మాట మళ్ళీ నీ నోట వినలేను.

కోపం తగ్గి వస్తున్నాననుకోకు. నీ మీదా ఉంది, అమ్మ మీదా ఉంది, చపాతీ పిండి కలుపుకుంటూ ఊరుకున్న వదిన మీద కూడా ఉంది. అందరితోనూ విడివిడిగా పోట్లాడాలి. నాలుగు రోజులు సరిపోవు.

విప్పిన పిట్టని మళ్ళీ కుట్టాను. ముందు నా పద్ధతిలో కుట్టబోయాను. మనసు ఒప్పలేదు. అమ్మ సూది దిగిన కన్నాల్లోంచే దారం తీశాను, ఒక్కటి కూడా వదలకుండా. పీలికలు అన్నీ తిరిగి లోపల పెట్టాను. అంతా ఎడమచేత్తోనే కుట్టాను, అయినా మొదట ఉన్నంత వంకరగానే వచ్చింది. ఈ ఏడు నా కొత్త బొమ్మ ఇదే. వేరేది చెయ్యను. కొత్తదో పాతదో, అమ్మదో నాదో, నీ పుస్తకంలో ఏమని రాస్తావో పక్కన నిలబడి చూస్తాను.

నక్షత్రానికి కాగితం ఇంక చించకు. ఉన్నది ఉంచు. స్టూలు నువ్వే పట్టుకోవాలి. పై కొమ్మలు నావి.

గేటు దగ్గర నిలబడను. పిలిచినా పిలవకపోయినా లోపలికే వస్తాను. ఫొటో ఇటు తిప్పి ఉంచు, ఆవిడతో మొహం చూసే మాట్లాడాలి.

ఆ పాంటు ఆయనది ఎంత పొడుగు తగ్గించాలో కొలత తీసుకున్నావా? తీసుకుని ఉండవు. తేదీ రాసుకుని ఉంటావు.

పుర్రచెయ్యి